జిప్సీ కొనాలి, బండేమో వేరే రాష్ట్రంలో ఉంది: ఏ ఊరి బండి ఎవరికి సరిపోతుంది

మారుతీ జిప్సీ షోరూముల నుంచి వెళ్లిపోయి ఏళ్లు గడిచినా దాని మీద మోజు తగ్గలేదు. 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ‘కింగ్’ అయింది. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో ఇంజిన్‌లోకి పంపే పద్ధతి) వచ్చింది. కొత్త భద్రతా నిబంధనలు వచ్చాక మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆపేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వెతికితే మంచి బండి దొరకడమే కష్టం. దొరికితే ఓనరు చెప్పే ధర విని వెనక్కి తిరగాల్సి వస్తుంది. దాంతో చూపు ఢిల్లీ, కొచ్చి, చండీగఢ్ ప్రకటనల మీదికి పోతుంది. ఫొటోలో బండి మెరుస్తుంటుంది, ధర తక్కువ, దూరం మాత్రం పదిహేను వందల కిలోమీటర్లు.

కొనొచ్చా? కొనొచ్చు. అయితే ఏ ఊరి బండి అన్నదాన్ని బట్టి చూసుకోవాల్సినవి మారిపోతాయి.

## ముందు ఏం చూడాలి

పక్క వీధి బండి కొనేటప్పుడు అందరం ముందు ఇంజిన్ సౌండ్ వింటాం. దూరపు బండికి నా లెక్కలో ఇంజిన్ ఆఖరున. జిప్సీ 1.3 ఇంజిన్, మారుతీ ఎస్టీమ్ కారులో వచ్చిన ఇంజిన్ ఒకే కుటుంబానివి. పాత మారుతీలు చేసిన మెకానిక్ ఎవరైనా విప్పి బిగించగలడు. డబ్బు పెడితే బాగయ్యేదాని గురించి మరీ భయపడక్కర్లేదు. డబ్బు పెట్టినా బాగుకానివి రెండున్నాయి: కాగితాలు, తుప్పు పట్టిన ఛాసిస్.

కాగితాలు. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఎప్పటివరకు చెల్లుతుంది, బ్యాంకు లోను తీరిందా, చలానాలు ఉన్నాయా, ఆ రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ (బండిని వేరే చోటికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) వస్తుందా అన్నవి చూడాలి. ప్రైవేటు బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. బేరంలో ఇది చిన్న మొత్తమే. అసలు సమస్య రెన్యువల్ చేయించకుండా మూలన పెట్టిన బండి. ఆర్‌సీ గడువు తీరిపోయి ఉంటే, బండి అక్కడుండగానే అమ్మేవాడి చేతే రెన్యువల్ చేయించాలి. ‘మీ ఊళ్లో అయిపోతుంది సార్’ అన్న మాట నమ్మి తెచ్చుకుంటే ఆ తిరుగుడు మీ నెత్తినే పడుతుంది.

ఛాసిస్, బాడీ. జిప్సీది నిచ్చెన లాంటి ఛాసిస్, దాని మీద బాడీ బిగిస్తారు. తుప్పు ముందుగా పట్టేది కమాన్ కట్టలు వేలాడే చోట, బాడీని ఛాసిస్‌కు బిగించిన చోట, ఫ్లోరు కింద, అద్దం ఫ్రేము అడుగున. పైన పుట్టీ పెట్టి పెయింట్ కొడితే ఫొటోలో ఇవేవీ కనిపించవు.

ఒరిజినాలిటీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా, టైర్లు, బంపర్లు, ఇంజిన్ మార్చారా? ఇది ఇష్టానికి సంబంధించినది కాదు, చట్టానికి సంబంధించినది. కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. రీ-రిజిస్ట్రేషన్ కోసం బండిని ఆర్టీఏ ఆఫీసు ముందు నిలబెట్టినప్పుడు ఈ మార్పులన్నీ బయటపడతాయి.

మీ పేరు మీద, మీ గుమ్మం ముందుకు వచ్చేసరికి ధర. ప్రకటనలో ఉన్న ధర సగం కథే. మిగతా సగం కింద చెబుతాను.

## ఆరు చోట్లు, ఒక చూపులో

| ఎక్కడి బండి | ధర | కాగితాలు | తుప్పు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఢిల్లీ, ఎన్‌సీఆర్ (ఢిల్లీ చుట్టుపక్కల) | తక్కువ | వయసు మీద ఆధారపడి ఉంటాయి | సాధారణంగా తక్కువ | కాగితాల పనికి ఓపిక ఉన్నవాళ్లకి |
| కేరళ, కోయంబత్తూరు | ఎక్కువ | చాలావరకు శుభ్రం | జాగ్రత్తగా చూడాలి | మొదటిసారి కొనేవాళ్లకి |
| మండీ డబ్వాలీ తరహా తయారీ | మధ్యస్థం | పెద్ద రిస్కు | కొత్త పెయింట్ కింద తెలియదు | రోడ్డు మీద తిప్పనివాళ్లకి |
| సఫారీ బండ్లు (అడవిలో టూరిస్టులను తిప్పినవి) | తక్కువ | పసుపు బోర్డు మార్చాలి | మధ్యస్థం | అంతా విప్పి కట్టుకునేవాళ్లకి |
| ఆర్మీ డిస్పోజల్ (సైన్యం వాడి అమ్మేసినవి) | చాలా తక్కువ | మొదటి నుంచి చేసుకోవాలి | బండిని బట్టి | అనుభవం ఉన్నవాళ్లకి |
| మన దగ్గరే | అన్నిటికన్నా ఎక్కువ | సులువు | కోస్తాలో ఎక్కువ | సమయం లేనివాళ్లకి |

పట్టిక చూసి నిర్ణయం తీసుకోకండి. ఒక్కో వరుస వెనక ఇంకా విషయం ఉంది.

## ఢిల్లీ బండి ఎందుకంత చవక

2018 అక్టోబరులో సుప్రీంకోర్టు నిలబెట్టిన నిబంధన ప్రకారం పదేళ్లు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండి ఢిల్లీ, ఎన్‌సీఆర్ రోడ్ల మీద తిరగకూడదని ఉండేది. ఆ తర్వాత ఆదేశాలు అటూ ఇటూ మారినా ఓనర్ల భయం మాత్రం పోలేదు. జిప్సీ పెట్రోల్ బండి కాబట్టి దానికి లెక్క పదిహేనేళ్లు. పద్నాలుగో ఏడు వచ్చేసరికి ఓనరుకు అది గుదిబండలా కనిపిస్తుంది. మనకు అలా కాదు. తెలంగాణలో, ఆంధ్రలో ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండాక కూడా ఫిట్‌నెస్ ఉంటే రెన్యువల్ ఉంది. అక్కడ చివరి ఏడాదిలో ఉన్న బండికి ఇక్కడ ఇంకా జీవితం మిగిలి ఉందన్నమాట. ధరలో తేడా అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

అందుకే ఢిల్లీలో వెతికేవాళ్లకు నా సలహా ఒక్కటే. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య బండ్లే చూడండి. ఆర్‌సీ బతికి ఉంటుంది, ఎన్‌ఓసీ అడగడానికి అడ్డు తక్కువ, ఓనరుకు అమ్మే తొందర ఉంటుంది. గడువు దాటిన బండ్లు ఇంకా చవగ్గా కనిపిస్తాయి. అలాంటి బండ్ల రిజిస్ట్రేషన్లు అక్కడ రద్దు చేస్తూ వచ్చారు. రద్దయిన నంబరు బండి ఎంత బాగున్నా మీ పేరు మీదికి రావడం అనుమానమే. ‘ఎన్‌ఓసీ మేం తెప్పిస్తాం’ అని బ్రోకరు అంటే, తెప్పించాకే బేరం మాట్లాడదామని చెప్పండి. డబ్బు ముందు, ఎన్‌ఓసీ తర్వాత అంటే మాత్రం ఒప్పుకోకండి.

పొడి వాతావరణం వల్ల తుప్పు విషయంలో ఢిల్లీ బండ్లు నయం. చలికాలపు మంచులో, ఇరుకు ట్రాఫిక్‌లో ఢీకొట్టిన మరకలు మాత్రం ఉంటాయి. ముందు ఛాసిస్ కొమ్ములు తిన్నగా ఉన్నాయో లేదో చూడమనండి.

ఢిల్లీ ప్రకటనల్లో ఒక రకం మోసం పాతదే అయినా ఇంకా నడుస్తోంది. అమ్మేవాడు ఆర్మీ జవానునంటాడు. ఐడీ కార్డు, యూనిఫాం ఫొటోలు పంపుతాడు. వేరే చోటికి పోస్టింగ్ వచ్చిందని, బండి ఆర్మీ కార్గోలో పంపిస్తానని, ముందు రవాణా ఖర్చు వేయమని అడుగుతాడు. జిప్సీకి ఆర్మీకి ఉన్న అనుబంధం వల్ల ఈ కథ ఇట్టే నమ్మేలా ఉంటుంది. మన మనిషి వెళ్లి బండి మీద చెయ్యి వేయకముందు రూపాయి కూడా పంపకూడదు.

## కేరళ, కోయంబత్తూరు

ఇక్కడ జిప్సీలను ప్రేమగా చూసుకునే ఓనర్లు ఎక్కువ. సర్వీసు బిల్లులు దాచి ఉంచుతారు, ఒరిజినల్ సీట్లు, హుడ్ కూడా భద్రంగా పెట్టుకుంటారు. మార్పులు చేసిన బండ్ల మీద కేరళలో తనిఖీలు గట్టిగా ఉండటం వల్ల అమ్మకానికి వచ్చేసరికి చాలామంది బండిని మళ్లీ కంపెనీ రూపానికి తెస్తారు. అది మనకు మేలే.

ధర ఎక్కువ. బేరం పెద్దగా ఆడనివ్వరు. ఇక వాన, తేమ, సముద్రపు గాలి. కేరళ తీరం బండికి కింది భాగం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వడం నా దృష్టిలో జూదమే. 2018 వరదల్లో మునిగిన బండ్లు కూడా అక్కడ ఉన్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనిపించవచ్చు. కార్పెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల కనెక్టర్ల మీద పచ్చని మరక ఉంటే ఆ బండి వదిలేయండి. కోయంబత్తూరు, పాలక్కాడ్ వైపు బండ్లు సముద్రానికి దూరం కాబట్టి కాస్త నయం. ఒకే ధరకు ఎర్నాకుళంలో ఒకటి, కోయంబత్తూరులో ఒకటి ఉంటే నేను రెండో దానికే వెళ్తాను.

## డబ్వాలీ జీపులు, సఫారీ బండ్లు, ఆర్మీ డిస్పోజల్

హర్యానా, పంజాబ్ సరిహద్దులో ఉన్న మండీ డబ్వాలీ జీపుల తయారీకి దేశమంతా పేరుంది. పెద్ద టైర్లు, కొత్త బాడీ, లెదర్ సీట్లు, మ్యూజిక్ సిస్టం, ఏం కావాలంటే అది చేసి ఇస్తారు. పనితనం బాగుంటుంది, వీడియోలు చూస్తే మనసు ఆగదు. చిక్కంతా కాగితంలో ఉంటుంది. ఆర్‌సీ ఏదో పాత బండిది, ఇంజిన్ ఇంకో బండిది, బాడీ నిన్న కట్టినది. 52వ సెక్షన్ ముందు ఈ బండి నిలబడదు. ఫామ్‌హౌస్‌లో తిప్పుకోవడానికైతే సరే. ఆ ఊరి నుంచి ఈ ఊరికి నంబరు మార్పించి రోడ్డు మీద తిప్పుతానంటే వద్దనే చెబుతాను. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు అడిగేది కూడా ఈ మార్పుల గురించే.

సఫారీ బండ్లు మనకు దగ్గరే ఉన్నాయి. తడోబా, పెంచ్, కన్హా అడవుల చుట్టూ జిప్సీలే తిరుగుతాయి. చంద్రపూర్, నాగ్‌పూర్‌ల నుంచి ఆదిలాబాద్ పెద్ద దూరం కాదు. కానీ అవి రోజూ గుంతల్లో బరువుతో తిరిగిన బండ్లు. కమాన్ కట్టలు, హౌసింగులు అలసిపోయి ఉంటాయి. వెనక మెట్ల సీట్ల కోసం బాడీ కోసి ఉంటారు. ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్ నుంచి ప్రైవేటుకు మార్చుకునే పని అదనం.

ఆర్మీ డిస్పోజల్ బండ్లు వేలంలో చవగ్గా వస్తాయి. సైన్యం నంబరు పోయి సివిల్ నంబరు రావాలి, అది మొదటి నుంచి చేసే పని. రంగు విషయం ఒకటి చాలామందికి తెలియదు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు మాత్రమే అని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. ఆ రంగు మీద మోజుతోనే ఆర్మీ జిప్సీ వెతుకుతుంటే, ఆ మోజు ఇంటి గేటు దాటదు.

## మన దగ్గర ఎక్కువ పెట్టి కొంటే

హైదరాబాద్‌లో ఐదు లక్షల బండి, ఢిల్లీలో నాలుగు లక్షల బండి అనుకుందాం. తేడా లక్ష. ఢిల్లీ బండికి కలపాల్సినవి ఇవి: వెళ్లి చూసి రావడానికి ఖర్చు, అక్కడి మెకానిక్ ఫీజు, ఎన్‌ఓసీకి తిరిగే ఏజెంటు, లారీ లేదా పెట్రోల్, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, ఫిట్‌నెస్, కొత్త నంబరు ప్లేటు. లైఫ్ ట్యాక్స్ బండి ధర, వయసు బట్టి శ్లాబుల్లో ఉంటుంది. బేరానికి ముందే మీ ఆర్టీఏ ఆఫీసులో ఆ మోడల్, ఆ ఏడాది చెప్పి ఎంత పడుతుందో అడగండి. అవన్నీ కలిపాక లక్షలో చాలావరకు కరిగిపోతుంది. మిగిలిన దాని కోసం మీ సెలవులు, మీ టెన్షన్ ఖర్చు పెట్టాలా అన్నది మీ ఇష్టం.

మన దగ్గరి బండి అయినంత మాత్రాన కళ్లు మూసుకోనక్కర్లేదు. వైజాగ్, కాకినాడ, మచిలీపట్నం బండికి ఎర్నాకుళం బండికి పట్టినంత తుప్పూ పడుతుంది.

## చూడకుండా ఎలా చూడాలి

మీరే వెళ్లడం మేలు. కుదరకపోతే ఆ ఊళ్లో అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌ను మాట్లాడుకోండి. జిప్సీ ఓనర్ల గ్రూపుల్లో అడిగితే పేర్లు దొరుకుతాయి. అమ్మేవాడే చూపించిన మెకానిక్ వద్దు.

వెళ్లేముందు వీడియో కాల్ చేయించండి. రికార్డు చేసిన వీడియో కాదు, లైవ్. చల్లారిన ఇంజిన్‌ను మీ ఎదుట స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజిన్‌లో సగం జబ్బులు దాగిపోతాయి. కింద పడుకుని ఫోను టార్చితో ఛాసిస్ రెండు పక్కలా చూపించమనండి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసి ఫొటో పంపమనండి. ఆర్‌సీలో నంబరుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. నంబరు చుట్టూ గ్రైండింగ్ మరకలో, వెల్డింగో కనిపిస్తే ఫోన్ పెట్టేయండి.

మెకానిక్ బండి నడిపేటప్పుడు ప్రత్యేకంగా చూడాల్సినవి:

- యాభై, అరవై వేగంలో గుంత దాటగానే స్టీరింగ్ వణికిపోతుందా? ముందు చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు అరిగిన జిప్సీల్లో ఇది మామూలే. బాగయ్యేదే, ధర మాత్రం తగ్గించాలి.
- ముందు చక్రాల లోపలి వైపు గ్రీజు, నూనె కారుతున్నాయా?
- 4హెచ్, 4ఎల్ (నాలుగు చక్రాలనూ తిప్పే గేర్లు) రెండూ పడుతున్నాయా? ఎత్తులో కాలు తీసినప్పుడు లివరు ఊడి న్యూట్రల్‌లోకి వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) పని ఉందన్నమాట.

ఎయిర్ కండిషనర్, మ్యూజిక్, హుడ్ గురించి ఇప్పుడు ఆలోచించకండి. అవి ఇంటికొచ్చాక చూసుకునేవి.

## డబ్బు, కాగితం ఏ వరుసలో

బండి నచ్చితే చిన్న టోకెన్ ఇవ్వండి. దానికి స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించుకుని, ఎన్‌ఓసీ రాకపోతే టోకెన్ తిరిగి ఇవ్వాలన్న మాట అందులో ఉండేలా చూసుకోండి. ఆ తర్వాత అమ్మేవాడు తన ఆర్టీఓలో ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి. అది మీ ఆర్టీఏ ఆఫీసు పేరు మీదే ఉండాలి. ఖైరతాబాద్‌కి రావాల్సింది మేడ్చల్ పేరు మీద వస్తే మళ్లీ మొదటికే. ఓనరు పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, బ్యాంకు లోను ఉండి ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, అమ్మేవాడి ఆధార్, పాన్ నకళ్లు, చెల్లుతున్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో పడ్డాకే మిగతా డబ్బు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయండి. రెండు లక్షలు, అంతకు మించి నగదు ఒకే లావాదేవీలో తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ‘నగదైతే తగ్గిస్తా’ అన్నవాడి దగ్గర కాగితాలు ఇంకోసారి చూడండి.

ఇక్కడికి వచ్చాక కొత్త నంబరు కోసం ఫారం 27. బయటి రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తప్పనిసరి. చివరిదాకా ఆగకుండా వచ్చిన నెలలోనే మొదలుపెట్టండి.

## నడుపుకుంటూ రావాలా, లారీలో వేయాలా

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్ మీదుగా సుమారు 1,600 కిలోమీటర్లు. కొత్తగా కొన్న పాత జిప్సీలో ఆ దారి పట్టడం చెప్పుకోవడానికి బాగుంటుంది. నాలుగు వైపులా కమాన్ కట్టలే, శబ్దం ఎక్కువ, ట్యాంకు నలభై లీటర్లే. రేడియేటర్, హోస్‌లు, టైర్లు, బ్రేకులు అక్కడే మార్పించుకుని రెండు మూడు రోజులు ఆ ఊళ్లో తిప్పి చూశాక బయలుదేరితే ఫర్వాలేదు. సాయంగా బండి తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. వెంటనే బయలుదేరాల్సి వస్తే లారీలో వేయండి.

లారీలో పంపితే లోడ్ చేసేటప్పుడు నాలుగు వైపులా, కింద, మీటరు రీడింగు వీడియో తీయించండి. ట్రాన్సిట్ బీమా ఉందా, మధ్యలో వేరే లారీకి మారుస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. స్టెప్నీ, జాకీ, టూల్ కిట్ లిస్టు రాయించకపోతే వాటిలో ఏదో ఒకటి దారిలో దిగిపోతుంది.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

రోజూ ఆఫీసుకి ఇదే బండి అనుకుంటే జిప్సీ వద్దు. 2023లో వచ్చిన ఐదు తలుపుల మారుతీ జిమ్నీని ఒకసారి నడిపి చూడండి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఏసీ ఉన్నాయి, షోరూము నుంచి మీ పేరు మీదే బయటికొస్తుంది. జిప్సీ మోజు దాంతో తీరదని మీకు అనిపిస్తే, అప్పుడు మిగతావి చదవండి.

మొదటిసారి కొంటున్నవాళ్లు, ఇంట్లో మెకానిక్ పరిచయాలు లేనివాళ్లు కోయంబత్తూరు వైపు చూడండి. లేదా మన దగ్గరే కాస్త ఎక్కువ పెట్టండి. మొదటి జిప్సీ కాగితాల గొడవలో పడితే రెండోది కొనాలన్న ఆశే పోతుంది.

చేతిలో డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఢిల్లీలో చుట్టాలో స్నేహితులో ఉన్నవాళ్లకి పన్నెండు, పద్నాలుగేళ్ల ఢిల్లీ బండి సరైన బేరం. ఎంపీఎఫ్‌ఐ మోడలే తీసుకోండి. కార్బురేటర్ బండి ముచ్చటగానే ఉంటుంది కానీ దాన్ని ట్యూన్ చేసే పాత చేతులు తగ్గిపోతున్నాయి.

షెడ్డు ఉంది, వెల్డింగ్ మనిషి తెలుసు, ఒక ఏడాది బండి కదలకపోయినా ఫర్వాలేదనుకునేవాళ్లు సఫారీ బండి చూడొచ్చు. నాగ్‌పూర్ దాకా వెళ్లేముందు ట్రాన్స్‌పోర్ట్ నుంచి ప్రైవేటుకు మార్చడం అక్కడే పూర్తిచేసి ఇస్తారా అని ఫోన్‌లో అడగండి. ‘ఇస్తాం’ అంటే ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చు మీద అన్నది వాట్సాప్‌లో రాయించుకున్నాకే టికెట్ బుక్ చేయండి.